లేఖరి బాధ్యత: మొబైల్ యాప్‌ల రంగంలో ‘సీనియర్’ ఎవరు?

ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలను వెంటబెట్టుకొని మదరసాకు వచ్చే తల్లిదండ్రులు గత కొన్నేళ్లుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. “మౌలానా సాబ్, మావాడు మొబైల్ యాప్‌లు తయారుచేసే పనిలో చేరతానంటున్నాడు. అది పదికాలాలపాటు నిలిచే ఉద్యోగమేనా?” అన్నది మొదటిది. రెండోదాన్ని కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: “ఆ సంపాదన హలాలేనా?” మొదటి ప్రశ్నకు కంప్యూటరు తెలిసినవారు, రెండోదానికి ఆలిములు జవాబు చెప్పాలని వారి ఉద్దేశం. నా దృష్టిలో మాత్రం ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు కావు. ఆ రంగంలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థులతో మాట్లాడినకొద్దీ ఈ అభిప్రాయం బలపడుతూనే వచ్చింది.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరిన వృత్తాంతం ఉన్నది. ఆయనను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి సలహా ఇచ్చిన యువతి, పనివాడిలో చూడవలసిన రెండు గుణాలను పేర్కొన్నది. ఒకటి బలం, రెండోది నమ్మకం. బలమంటే కేవలం కండబలం కాదనీ, చేపట్టిన పనికి అవసరమైన సామర్థ్యమనీ వ్యాఖ్యాతలు వివరించారు. ఒక యాప్ తయారీదారును ‘సీనియర్’ అని ఎప్పుడు పిలవాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మెరుగైన కొలబద్ద నాకు కనిపించలేదు. మన యువకులు మాత్రం మొదటి గుణానికి సంబంధించిన సర్టిఫికెట్ల కోసమే పరుగులు పెడుతున్నారు.

భాషలు నేర్చుకోవడం వేరు

ఆపిల్ సంస్థ యాప్ స్టోర్ 2008 జూలైలో మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్లకూ యాప్‌ల బజారు ఏర్పడింది. అంటే ఈ వృత్తి వయస్సు ఇంకా ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఈ కొద్దికాలంలోనే పనిముట్లు ఎన్నిసార్లు మారాయో చూడండి. ఐఫోన్ కోసం ఆబ్జెక్టివ్-సీ నేర్చుకున్నవారి ముందుకు 2014లో స్విఫ్ట్ వచ్చింది. ఆండ్రాయిడ్ కోసం జావా నేర్చుకున్నవారికి 2017లో గూగుల్ కోట్లిన్‌ను అధికారికంగా పరిచయం చేసి, 2019 నుంచి దానికే ప్రాధాన్యమిచ్చింది. రెండు రకాల ఫోన్లకూ ఒకే కోడ్ రాసేందుకు 2015లో రియాక్ట్ నేటివ్, 2018 చివర ఫ్లటర్ తొలి సంపూర్ణ రూపం వచ్చాయి. తెరలను నిర్మించే పద్ధతి కూడా స్విఫ్ట్ యూఐ, జెట్‌ప్యాక్ కంపోజ్‌ల రాకతో పూర్తిగా మారిపోయింది. కనుక ‘నాకు ఫలానా భాష వచ్చు’ అన్న మాటమీద పదేళ్ల ఉద్యోగాన్ని నిలబెట్టడం సాధ్యం కాదు.

ఈ సందర్భంలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజియల్లాహు అన్హు) జీవితం గుర్తుకు వస్తున్నది. దైవప్రవక్త (సఅసం) ఆదేశంమేరకు ఆయన యూదుల లిపిని పక్షం రోజులలోపే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అసాధారణమైన ప్రతిభ అది. అయితే యమామా యుద్ధంలో అనేకమంది హాఫిజులు అమరులైన తరువాత, ఖుర్ఆన్‌ను ఒకచోట సంకలనం చేసే బాధ్యతను హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయనకు అప్పగించినప్పుడు ఏయే అర్హతలు చెప్పారో గమనించాలి. యువకుడు, వివేకవంతుడు, ఎవరూ వేలెత్తి చూపనివాడు, ప్రవక్త సన్నిధిలో దివ్యవాణిని రాసిన అనుభవం ఉన్నవాడు. అప్పటికి ఆయనది చిన్న వయస్సే. అయినా అంతటి పని ఆయన చేతికి వచ్చింది. ఒక కొండను కదిలించమన్నా తనకు అంత బరువుగా తోచేది కాదని ఆయన చెప్పుకున్నారు. లిపి నేర్వడానికి పక్షం రోజులు చాలినవాడికి కూడా ఆ బరువు తెలిసింది. ఆ బరువు తెలియడమే సీనియర్‌తనానికి మొదటి గుర్తు.

చేయి దాటిన పని

వెబ్‌సైటులో తప్పు దొర్లితే సంస్థ తన యంత్రంలో సరిదిద్దుకుంటుంది. మరుక్షణం అందరికీ సరైన పేజీ కనిపిస్తుంది. మొబైల్ యాప్ సంగతి అలా కాదు. అది వాడుకరి ఫోనులోకి వెళ్లి కూర్చుంటుంది. దాన్ని వెనక్కి పిలిపించే మార్గం లేదు. కొత్త కూర్పు విడుదల చేసినా, డేటా ఖర్చవుతుందనో ఫోనులో చోటు లేదనో చాలామంది దించుకోరు. రెండేళ్లనాటి కూర్పుతోనే నెట్టుకొచ్చేవారు ఎందరో ఉంటారు. అందుకే అనుభవజ్ఞులు కొత్త కూర్పును మొదట నూటికి ఒకరిద్దరికి మాత్రమే అందేలా విడుదల చేసి, ఒకటి రెండు రోజులు గమనించి, ఆ తరువాతే మిగిలినవారికి తెరుస్తారు. లోపం కనబడితే విడుదలను అక్కడితో ఆపవచ్చు గాని, అప్పటికే దించుకున్నవారి ఫోన్లలోంచి దాన్ని తీసివేయలేరు.

ఒక కిరాణా దుకాణదారు ఉద్దెర లెక్కలు రాసుకునే యాప్‌నే తీసుకోండి. మహల్లాలో ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో అంతా ఆ ఫోనులోనే ఉన్నది. కొత్త కూర్పులో లెక్కల పట్టిక అమరికను మార్చారు. పాత పట్టికలోని వివరాలను కొత్తదానిలోకి ఎక్కించే నాలుగు వాక్యాల కోడ్‌లో పొరపాటు జరిగింది. తెల్లారి దుకాణం తెరిచేసరికి బాకీలన్నీ మాయం! ఆ లెక్కలకు వేరేచోట నకలు లేకపోతే ఆ నష్టాన్ని భర్తీచేయడం ఎవరి తరమూ కాదు. కొత్తగా చేరినవాడు ‘నా ఫోనులో బాగానే పనిచేసింది’ అంటాడు. అనుభవజ్ఞుడు మూడు పాత కూర్పులనుంచి, అయిదారు రకాల చౌక ఫోన్లమీద, నెట్ లేనప్పుడు, బ్యాటరీ అడుగంటినప్పుడు ఏమవుతుందో చూసిగాని విడుదల బటన్ నొక్కడు. వయస్సుతో వచ్చే జాగ్రత్త కాదిది. ఎదుటివాడి సొమ్ము తన చేతిలో ఉన్నదన్న స్పృహనుంచి వస్తుంది.

నమాజు వేళల యాప్: ఒక పాఠశాల

నేర్చుకునే పిల్లలకు నేనిచ్చే సలహా ఒకటున్నది. మొట్టమొదట నమాజు వేళలు చూపే యాప్ ఒకటి సొంతంగా తయారుచేయండి. అలాంటివి ఇప్పటికే వందలున్నాయి కదా అని వారు నవ్వుతారు. వంట నేర్చుకునేవారు కూడా అందరూ వండే అన్నంతోనే మొదలుపెడతారు. ఈ చిన్న యాప్‌లో ఉన్నన్ని చిక్కుముళ్లు పెద్ద వ్యాపార యాప్‌లలోనూ తక్కువే.

మొదటి చిక్కు లెక్కలో వస్తుంది. ఫజ్ర్ వేళ సూర్యుడు క్షితిజానికి ఎన్ని డిగ్రీల దిగువన ఉన్నప్పుడు ప్రవేశిస్తుంది? కరాచీ జామియా పద్ధతిలో 18, ఉత్తర అమెరికా ముస్లిముల సంఘం పద్ధతిలో 15, మక్కాలోని ఉమ్ముల్ ఖురా పద్ధతిలో 18.5 డిగ్రీలు. అస్ర్ విషయంలో హనఫీలు నీడ రెండింతలయ్యేదాకా ఆగుతారు. షాఫయీలు మొదలైనవారు ఒకింతకే వేళ అయినట్టు పరిగణిస్తారు. హైదరాబాద్‌లోనే పాతబస్తీ హనఫీ కుటుంబానికీ, బార్కస్‌లోని షాఫయీ కుటుంబానికీ ఒకే యాప్ రెండు వేళలు చూపవలసి ఉంటుంది. ఏది ముందుగా అమర్చి ఉంచాలి, ఏది వాడుకరి ఇష్టానికి వదలాలి అన్నది కోడ్ రాసేవాడే ఆలోచించవలసిన విషయం. మదరసాలో ఇల్మె తౌఖీత్ చదివినవారికి ఇక్కడ కొంత ముందడుగు ఉన్నదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఈ లెక్కలన్నీ చేసి పెట్టే ‘అదాన్’ అనే ఉచిత గ్రంథాలయం ఒకటి అందరికీ అందుబాటులో ఉన్నది. దాన్ని వాడుకోండి. కాని లోపల ఏం జరుగుతున్నదో చదివి వాడుకోండి.

రెండో చిక్కు అజాన్ మోగించడం. ఆండ్రాయిడ్ ఫోనును కదల్చకుండా బల్లమీద ఉంచితే అది నిద్రావస్థలోకి జారుకొని, యాప్‌ల పనులను వాయిదా వేస్తుంది. 2015లో వచ్చిన ఆరో కూర్పునుంచీ ఇదే తీరు. పన్నెండో కూర్పునుంచి నిర్ణీత క్షణానికి అలారం మోగించడానికి ప్రత్యేక అనుమతి అవసరమైంది. పద్నాలుగో కూర్పులో చాలా యాప్‌లకు ఆ అనుమతి దానంతటది రాదు, వాడుకరి స్వయంగా ఇవ్వాలి. పైగా కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను ఏకంగా ఆపేస్తాయి. ఇవేవీ తెలియనివాడు చేసిన యాప్ పగలంతా చక్కగా పనిచేసి, సహరీ సమయానికి మౌనం వహిస్తుంది. ఆ ఇంటిల్లిపాదీ సహరీ లేకుండానే రోజా ఉండవలసి వస్తుంది. చిన్న విషయం కాదు.

ఖిబ్లా చూపే ముల్లు ఫోను కవరులోని అయస్కాంతానికే తడబడుతుంది. భౌగోళిక ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా మన ప్రాంతంలో స్వల్పమే గాని, కొన్ని దేశాల్లో చాలా ఎక్కువ. ఉర్దూ ఎంచుకుంటే తెర యావత్తూ కుడినుంచి ఎడమకు తిరగాలి. నస్తాలీఖ్ అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి కనుక వరుసల మధ్య ఎడం పెంచాలి. తెలుగు ఎంచుకుంటే అక్షరాల కింద వత్తులు తెగిపోకూడదు. బటన్లమీద వత్తులు తెగిన తెలుగును మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ యాప్ తయారుచేసినవారిలో తెలుగు చదివే మనిషి ఒక్కడూ లేడని దానర్థం. ఆ ఒక్కడు మన పిల్లవాడు ఎందుకు కాకూడదు?

అసలైన పరీక్ష ఆఖరున ఎదురవుతుంది. వాడుకరి ఎక్కడున్నాడో యాప్‌కు ఎంత ఖచ్చితంగా తెలియాలి? కొద్దిగా లెక్క వేద్దాం. రేఖాంశం ఒక డిగ్రీ మారితే సూర్యుడి వేళ 4 నిమిషాలు మారుతుంది. విశాఖపట్నానికీ హైదరాబాద్‌కూ మధ్యాహ్నపు వేళలో దాదాపు 19 నిమిషాల తేడా ఉన్నది. కాబట్టి ఊరు తెలియాలి. మరి చార్మినార్ నుంచి గచ్చిబౌలికి వెళ్తే? అర నిమిషం. కనుక ఏ వీధిలో, ఏ ఇంట్లో ఉన్నాడన్నది నమాజు వేళలకు ఏమాత్రం అవసరం లేదు. ఊరి పేరు జాబితాలోంచి ఎంచుకొమ్మంటే చాలు, స్థలం తెలుసుకునే అనుమతే అక్కరలేదు. లెక్క వచ్చినవాడికే ఈ సంగతి తెలుస్తుంది. రానివాడు ‘ఎందుకైనా మంచిది’ అనుకొని ఖచ్చితమైన స్థలాన్ని అడుగుతాడు. సామర్థ్యం కొరవడినచోట అమానతుకు కూడా భంగం కలుగుతుందనడానికి ఇదే నిదర్శనం.

తడిసిన ధాన్యం

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ వార్తాసంస్థ ఒక సంచలనాత్మక విషయాన్ని బయటపెట్టింది. 9 కోట్లకు పైగా డౌన్‌లోడ్లున్న ‘ముస్లిం ప్రో’ యాప్‌నుంచి వాడుకరులు ఎక్కడెక్కడ ఉంటున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే సంస్థకు చేరుతున్నదనీ, ఆ సంస్థ అలాంటి సమాచారాన్ని అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు అమ్ముతున్నదనీ ఆ కథనం సారాంశం. ఫజ్ర్ వేళ తెలుసుకోవడానికి యాప్ దించుకున్న ముస్లిములు దిగ్భ్రాంతి చెందారు. ఎక్స్-మోడ్‌తో సంబంధాలు తెంచుకుంటున్నట్టు యాప్ యాజమాన్యం ప్రకటించింది. ఆ సంస్థ కోడ్‌ను యాప్‌లలోంచి తొలగించవలసిందిగా ఆపిల్, గూగుల్ అదే ఏడాది డిసెంబరులో తయారీదారులను ఆదేశించాయి. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ కూడా ఎక్స్-మోడ్ మీద ఆంక్షలు విధించింది.

సాంకేతికంగా జరిగినదేమిటో గ్రహించడం మన యువకులకు అవసరం. నేడు ఏ యాప్‌నూ మొదటినుంచి చివరిదాకా ఒక్కరే రాయరు. ప్రకటనలకొకటి, పటాలకొకటి, లెక్కలకొకటి చొప్పున ఇతర సంస్థలు రాసిచ్చిన కోడ్ మూటలను తెచ్చి అతికిస్తారు. యాప్‌కు వాడుకరి ఇచ్చిన అనుమతి ఆ మూటలకూ వర్తిస్తుంది. మూటను అతికించడం పది నిమిషాల పని. దానిలో ఏమున్నదో, అది ఎవరికి ఏం పంపుతున్నదో విప్పి చూడడానికి మాత్రం ఓపికా నేర్పూ కావాలి. బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (సఅసం) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మనకందరికీ తెలిసినదే. వానకు తడిసిందని వర్తకుడు సమాధానం చెప్పాడు. తడిసినదాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. ఆ వర్తకుడు తానుగా నీళ్లు పోయలేదు సుమా! దాచడమే నేరమైంది. ఇతరుల మూటను అతికించి, నాకేం తెలుసు అనే తయారీదారు కూడా ఈ హదీసును ఒకసారి చదువుకోవాలి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి మించి సమాచారం సేకరించకూడదనే అంటున్నది. ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా నిర్ణయించింది.

రాయనని చెప్పగల శక్తి

ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో పొడవైనది అప్పు పత్రం గురించినది. అల్ బఖరా సూరాలోని ఆ 282వ ఆయత్ లేఖరికి ప్రత్యేక స్థానమిచ్చింది. అతడు న్యాయంగా రాయాలి, రాయడం వచ్చినవాడు నిరాకరించకూడదు, అతణ్ణి ఎవరూ పీడించకూడదు. నేటి కోడ్ రాసేవాడు ఆనాటి లేఖరికి వారసుడేనని నా ఉద్దేశం. ప్రజల లావాదేవీలు ఇప్పుడు అతడి రాతలమీదనే నడుస్తున్నాయి. అయితే రాయడం తప్పనిసరైన చోటున్నట్టే, రాయకూడని చోటు కూడా ఉన్నది. వడ్డీ తినేవాడిని, ఇచ్చేవాడిని, ఆ పత్రం రాసేవాడిని, దానికి సాక్షులుగా నిలిచేవారిని ప్రవక్త (సఅసం) శపించారనీ, వారందరూ సమానులేనన్నారనీ సహీహ్ ముస్లింలో ఉన్నది.

2020 డిసెంబరులో మన తెలంగాణలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అప్పుల యాప్‌లు పదివేలో ఇరవైవేలో చేతిలో పెట్టి, ఫోనులోని చిరునామాల పుస్తకాన్ని మొత్తం తోడుకున్నాయి. కిస్తీ ఆలస్యమైతే బంధువులకు, సహోద్యోగులకు ఫోన్లు చేసి పరువు తీశాయి. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు అరెస్టులు చేశారు. చిరునామాలు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి అప్పుల యాప్‌లు పోరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో గూగుల్ కూడా తన దుకాణంలో ఆ నియమం పెట్టింది. ఆ చిరునామాలు తోడే కోడ్‌ను ఎవరో ఒక యువకుడు కుర్చీలో కూర్చొని, టీ తాగుతూ, జీతానికి రాశాడు. చెప్పినది చేశానంటాడు. బహుశా మొదటి ఉద్యోగం కావచ్చు.

ఇక్కడే మొదటి గుణానికీ రెండోదానికీ ఉన్న ముడి బయటపడుతుంది. మొదటి ఉద్యోగంలో ఉన్న పిల్లవాడు ‘ఇది నేను రాయను’ అనగలడా? చాలా కష్టం. ఆ మాట అనడానికి అతడికి పనిలో పట్టుండాలి, ఇంకోచోట పని దొరుకుతుందన్న ధీమా ఉండాలి, ఇంట్లో కొన్ని నెలల ఖర్చుకు సరిపడా సొమ్ముండాలి. కనుక నైపుణ్యం పెంచుకోవడం దునియాదారీ వ్యవహారమని పెద్దలు తేలికచేయకూడదు. ఈ రంగంలో ఈమాన్‌ను కాపాడే కోటగోడ అది. అలాగే తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకే వడ్డీ అప్పుతో ఫ్లాటు, కారు, షాదీఖానాలో రెండువేలమందికి దావత్ అంటూ పిల్లవాడి మెడకు కిస్తీలు తగిలిస్తే, రేపు అతడు ఏ యజమానికీ ‘కాదు’ అని చెప్పలేడు. చెప్పలేని పరిస్థితి మనమే కల్పించి, సంపాదన హలాలేనా అని మౌలానాను అడగడం న్యాయమా?

ఏ పని తగినది, ఏది తగనిది అన్న వివరాలకు వస్తే, డబ్బు పందెపు ఆటల యాప్‌ల విషయంలో సందేహానికి తావే లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. వడ్డీని లెక్కగట్టే భాగాన్ని, వడ్డీ ఒప్పందాన్ని కుదిర్చే భాగాన్ని స్వయంగా రాసేవాడు హదీసులో చెప్పిన లేఖరి కిందికే వస్తాడని నేను భావిస్తాను. ఆసుపత్రి యాప్‌లో, బడి యాప్‌లో, రవాణా యాప్‌లో డబ్బు చెల్లించే బటన్ పెట్టడం అలాంటిది కాదు. ఈ రెంటికీ నడుమ ఉన్న పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ‘సాఫ్ట్‌వేర్ ఉద్యోగం’ అని ఒక్కముక్కలో అడగకుండా, మీరు రోజూ రాసేదేమిటో వివరంగా కాగితంమీద పెట్టి ముఫ్తీ గారికి చూపించండి. మొత్తం రంగాన్నే హరామని తోసిపుచ్చేవారి మాటా, జీతం వస్తే చాలుననేవారి మాటా నాకు సమ్మతం కావు.

అబద్ధపు అనుభవం

ఇంతకన్నా పెద్ద వ్యాధి ఒకటి ముందుగానే సోకుతున్నది. లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపే పత్రాలు డబ్బుకు దొరుకుతున్నాయి. కొందరైతే ఇంటర్వ్యూలో తమ బదులు వేరేవారి చేత మాట్లాడిస్తున్నారు. ‘అందరూ చేస్తున్నారు, లేకపోతే ఉద్యోగం రాదు’ అని ఒక తండ్రి నాతో వాదించాడు. పొలం అమ్మి ఆ పత్రానికి డబ్బు కట్టాడాయన. అబద్ధపు సాక్ష్యాన్ని ప్రవక్త (సఅసం) ఘోరపాపాలలో లెక్కించారన్న సంగతి అలా ఉంచినా, లోకవ్యవహారం ప్రకారం కూడా ఇది నష్టమే. నాలుగేళ్ల అనుభవమని చేరినవాడికి నాలుగేళ్లవాడి పనే ఇస్తారు. ఉద్దెర లెక్కల పట్టికను మార్చమంటారు. చేయలేక రాత్రుళ్లు ఇతరుల కాళ్లు పట్టుకుంటాడు. తెలియదని ఎవరినీ అడగలేడు, అడిగితే గుట్టు బయటపడుతుంది. అడగలేనివాడికి విద్య ఎలా వస్తుంది? పెద్ద సంస్థలు పాత ఉద్యోగాల వివరాలను విచారిస్తాయి. పట్టుబడితే తలుపులు మూసుకుపోతాయి.

దీనికి బదులుగా చేయదగిన పని చేతికందేంత దగ్గరలోనే ఉన్నది. ఐఫోన్ యాప్‌ల తయారీకి ఆపిల్ కంప్యూటరు కావాలి, ఏటా 99 డాలర్ల రుసుము కట్టాలి. కనుక సామాన్య కుటుంబం వారు ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టడం మంచిది. గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. 16 జీబీ మెమరీ ఉన్న కంప్యూటరు, ఒక మామూలు ఫోను సరిపోతాయి. ఆండ్రాయిడ్ పాఠాలను గూగుల్ సంస్థే తన సైటులో ఉచితంగా ఇస్తున్నది. కొత్త ఖాతాదారులు తమ యాప్‌ను దుకాణంలో పెట్టేముందు కనీసం 12 మందిచేత 14 రోజులపాటు వాడించి చూపాలన్న నియమమున్నది. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుంటారు. మసీదులో రోజూ కలిసే 12 మంది పెద్దలకు ఇచ్చి చూడండి. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని ఒకరు, అజాన్ మోగలేదని ఒకరు, తెలుగు అర్థం కాలేదని ఒకరు చెప్తారు. ఆ ఫిర్యాదులు రాసుకొని, సరిదిద్ది, మళ్లీ ఇవ్వండి. ఏడాదిపాటు ఇలా పోషించిన యాప్ ఒక్కటుంటే ఇంటర్వ్యూలో చూపడానికి దొంగ పత్రం అక్కరలేదు. కృత్రిమ మేధ ఇప్పుడు కోడ్ రాసిపెడుతున్నది గదా అని అధైర్యపడేవారున్నారు. రాస్తున్నది, నిజమే. ఆ రాతకు జవాబుదారీగా నిలబడే మనిషి మాత్రం ఇంకా కావలసే ఉన్నాడు. తాను చదివి అర్థం చేసుకోని వాక్యాన్ని విడుదల చేయనివాడికి ఆ స్థానం దక్కుతుంది.

ఆడపిల్లల విషయంలో రెండు మాటలు. ఇంజనీరింగ్ చదివించి, పెళ్లి కాగానే ల్యాప్‌టాప్‌ను బీరువాలో పెట్టించే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఇంటినుంచే చేయగల పనులలో ఇది ఒకటి. పిల్లల పెంపకంలో రెండు మూడేళ్లు విరామం వచ్చినా, సొంత యాప్ ఒకటి నడుపుతూ ఉన్న అమ్మాయికి తిరిగి చేరడం కొంత తేలికవుతుంది. నికాహ్ మాటలప్పుడే ఈ విషయం పెద్దలు విడమరచి మాట్లాడుకుంటే తరువాత మనస్పర్థలుండవు. మదరసా పూర్తిచేసిన అబ్బాయిలకు ఇంగ్లీషు, గణితం అదనంగా కావాలి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదరసా విద్యార్థుల కోసం బ్రిడ్జి కోర్సులు నడుపుతున్నది. సర్ఫ్, నహ్వ్ సూత్రాలను ఏళ్లతరబడి ఆకళింపు చేసుకున్న మెదడుకు కోడ్‌లోని వ్యాకరణం పరాయిది కాదు.

చివరగా, రమజాన్ ముందు చాలామంది అడిగే ఒక మస్అలా. పేద విద్యార్థికి జకాత్ సొమ్ముతో కంప్యూటరు కొనివ్వవచ్చునా? ఆ విద్యార్థి జకాత్ తీసుకోవడానికి అర్హుడైతే కొనివ్వవచ్చు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం దాన్ని అతడికి పూర్తి యజమానిగా అప్పగించాలి. చదువు అయ్యాక తిరిగి ఇవ్వాలన్న షరతు పెట్టినా, మసీదు కమిటీ ఆస్తిగా ఉంచి వంతులవారీగా వాడించినా జకాత్ చెల్లదు. కమిటీ తరఫున నలుగురు పిల్లలు వాడుకునేలా ఒక గది ఏర్పాటు చేయదలచినవారు అందుకు జకాత్‌ను కాక, నఫిల్ సదఖాను వినియోగించాలి. నాబాలిగ్ పిల్లవాడికి ఇచ్చేటప్పుడు తండ్రి ఆర్థిక స్థితిని కూడా చూడాలి.